వారు వచ్చారు

రామనాథం మాస్టారికి అనుమానం పుట్టుకతో వచ్చిన గుణం కాదు. పితూరీతో, కొండల్లో లేచిన తిరుగుబాటుతో వచ్చింది. మన్యంలో పోలీసు ఠాణాల మీద పడి తుపాకులు ఎత్తుకుపోయారన్న కబురు తెలిసిన నాటినుంచి నర్సీపట్నం మునుపటి నర్సీపట్నం కాదు. ఊరి చివర మైదానంలో గుడారాలు లేచాయి. తెలుగు ముక్క రాని మలబారు పోలీసులు దిగారు. సంతలో వంకాయలు బేరమాడే మనిషి కూడా పక్కన ఎవరున్నారో చూసుకుని మరీ నోరు విప్పుతున్నాడు.

ఊరందరి భయం ఒక ఎత్తు, మాస్టారి భయం ఇంకొక ఎత్తు. ఆయన బావమరిది నారాయణమూర్తి పాయకరావుపేటలో ప్లీడరు గుమస్తా పని మానేసి, ఖద్దరు కట్టి, కల్లు దుకాణాల ముందు నిలబడి జైలుకు వెళ్ళొచ్చాడు. వెనక ఒకసారి వచ్చినప్పుడు అతను వదిలేసి వెళ్ళిన రాట్నం ఇప్పటికీ మాస్టారింట్లో అటక మీద, గోనెసంచుల కింద ఉంది. బోర్డు స్కూల్లో ఇంగ్లీషు చెప్పుకుని బతికే మనిషికి ఆ రోజుల్లో అది నెత్తిమీద నిప్పులకుంపటి.

అలాంటి రోజుల్లో ఒక సాయంత్రం మత్స్యలింగం వచ్చాడు.

ముప్పై ఏళ్ళు దాటని మనిషి. ఉతికిన పంచె, మెడదాకా బొత్తాలు పెట్టిన కోటు. చెప్పులు అరుగు కింద విడిచి, చేతులు కట్టుకు నిలబడ్డాడు.

"నమస్కారం మాస్టారూ. నా పేరు మత్స్యలింగం. భీమిలిలో ఫోర్తు ఫారం దాకా చదివాను. ఇంగ్లీషులో కొన్ని సందేహాలున్నాయి. గ్రామరంటే మీరే చెప్పాలని బజార్లో అన్నారు."

"ఏం చేస్తుంటారు?"

"రాతకోతల పనండి."

ఎక్కడ, ఎవరి దగ్గర అన్నది చెప్పలేదు. మాస్టారు రెట్టించి అడగలేదు. గ్రామరు అంటే ఆయనకి ప్రాణం. స్కూల్లో పిల్లలు బెత్తానికి భయపడి నేర్చుకునేవాళ్ళే తప్ప, సందేహం వచ్చిందని ఇల్లు వెతుక్కుంటూ వచ్చినవాడు ఆయన జన్మలో లేడు. చాప వేయించి కూర్చోబెట్టారు.

"‘ఐ సా’ అనడానికీ, ‘ఐ హావ్ సీన్’ అనడానికీ తేడా ఏటండి?" అని అడిగాడు మత్స్యలింగం.

మంచి ప్రశ్న. మాస్టారు ఉత్సాహంగా చెప్పారు. ఎప్పుడు చూశావో ఆ వేళ చెప్తే ‘సా’. వేళ చెప్పకుండా, చూసిన సంగతి మాత్రమే చెప్తే ‘హావ్ సీన్’.

మత్స్యలింగం తల ఊపాడు. "మరి ‘కొండ మీద మంట చూశాను’ అని ఎవరైనా అన్నారనుకోండి. ఎప్పుడని చెప్పలేదు. అప్పుడు?"

"‘హావ్ సీన్’."

"‘అడివిలోంచి మనిషి వచ్చాడు’ అన్నాడనుకోండి. ‘ఎ మేన్’ అనాలా, ‘ది మేన్’ అనాలా?"

"ఎవరో తెలియని మనిషయితే ‘ఎ’. నీకూ నాకూ తెలిసిన మనిషయితే ‘ది’."

"నీకూ నాకూ తెలిసిన మనిషి," అని మెల్లగా అనుకున్నాడు మత్స్యలింగం. అనుకుంటూ మాస్టారి ముఖంలోకి చూశాడు.

అతను వెళ్ళిపోయాక మాస్టారు భోజనానికి కూర్చున్నారు. వర్ధనమ్మ అన్నం వడ్డిస్తూ అంది, "పాఠానికి వచ్చినవాళ్ళు కుక్క గురించీ పిల్లి గురించీ అడుగుతారు. ఈయనేమిటి, కొండ మీద మంట అంటాడు, అడివిలో మనిషి అంటాడు?"

మాస్టారి చేతిలో ముద్ద ఆగిపోయింది. నిజమే. అది తనకెందుకు తట్టలేదు?

ఆ తరవాత కూడా మత్స్యలింగం వస్తూనే ఉన్నాడు. వచ్చినప్పుడల్లా ఒక కొత్త సందేహం. ‘బియ్యం ఇచ్చాం’ అనడానికి ‘గేవ్’ అంటే, ఇష్టపడి ఇచ్చినట్టా, బెదిరిస్తే ఇచ్చినట్టా? ‘మస్ట్’కీ ‘హాడ్ టు’కీ తేడా ఏమిటి? ఒకరోజు ‘మేము’ అన్నా ‘మనం’ అన్నా ఇంగ్లీషులో ‘వుయ్’ ఒక్కటే గదా, వినేవాడికి ఎలా తెలుస్తుందని అడిగాడు.

"‘మనం’ అంటే నేనూ మీరూ కలిసి కదండీ మాస్టారూ?"

మాస్టారు పుస్తకం మూసేశారు. వీడు తననెందుకు కలుపుకుంటున్నాడు? ప్రతి ప్రశ్నలోనూ బియ్యం, కొండ, వచ్చినవాళ్ళు, ఇచ్చినవాళ్ళు. గ్రామరు మాటున ఇంకేదో ఉంది. వీడు పితూరీదారుల మనిషి అయినా అయి ఉండాలి, పోలీసుల మనిషి అయినా అయి ఉండాలి. మొదటిదైతే వీణ్ణి ఇంట్లో కూర్చోబెట్టినందుకు జైలు. రెండోదైతే వీడి ముందు నోరు జారినందుకు జైలు.

ఏదో ఒకటి తేలిపోవడానికి ఎక్కువ రోజులు పట్టలేదు. సంత రోజున మాస్టారు బెల్లం కొనుక్కుని వస్తుంటే ఎదురుగా మత్స్యలింగం వెళ్తున్నాడు. బడ్డీ దగ్గర చుట్ట కాలుస్తున్న కానిస్టేబు అతన్ని చూసి, చుట్ట వెనక దాచి, సలాం కొట్టాడు. మత్స్యలింగం తల పంకించి వెళ్ళిపోయాడు.

మాస్టారు ఇంటికి వచ్చి తలుపు గెడ పెట్టారు.

"వాడు పోలీసు," అన్నారు.

వర్ధనమ్మ మారుమాట్లాడకుండా అటకెక్కి, రాట్నాన్ని విడదీసి, కట్టెల గదిలో పిడకల వెనక పడేసింది.

"రావద్దని చెప్పేయండి," అంది.

"చెప్తే ఎందుకు వద్దన్నావంటారు. వస్తే రానీ. కాకి గురించి చెప్తాను."

అలాగే చెప్పారు. అప్పటినుంచి మాస్టారి ఉదాహరణల్లో కాకి పండు తినడమూ, రాముడు రావణుణ్ణి చంపడమూ తప్ప మరొకటి లేదు. మత్స్యలింగం ఇంకేదైనా అడగబోతే, "ముందు ఇది రానివ్వండి," అని ఆపేసేవారు. అతని ముఖం నానాటికీ వాడిపోతున్నట్టు కనిపించింది. కంటి కింద నలుపు. అదీ నటనే అనుకున్నారు మాస్టారు.

ఒక సాయంత్రం అతను చాప మీద కూర్చోలేదు. గుమ్మం పట్టుకుని నిలబడే అడిగాడు.

"మాస్టారూ, ఒక్కటే సందేహం. పల్లెటూరి మనిషి ఒకడు ‘వారు వచ్చారు’ అన్నాడనుకోండి. దాన్ని ‘దే’ అనాలా, ‘హీ’ అనాలా?"

ఊళ్ళో చాలామంది పితూరీ నాయకుడి పేరు పైకి ఎత్తేవారు కాదు. ఎత్తవలసి వస్తే గొంతు తగ్గించి ‘వారు’ అనేవారు. ‘హీ’ అంటే ఆ ఒక్క మనిషికి గౌరవం ఇచ్చి ‘వారు’ అంటారని తానే ఒప్పుకున్నట్టు. ఉచ్చు ఎంత నాజూగ్గా పన్నాడు!

"‘వారు’ బహువచనం. బహువచనానికి ‘దే’. అంతే."

"ఒక్కరినే, గౌరవానికి అన్నా..."

"నా పాఠంలో గౌరవాలు లేవు. గ్రామరే ఉంది."

మత్స్యలింగం ఏదో చెప్పబోయాడు. అరుగు మీదకు ఎవరో వస్తున్న అలికిడి కాగానే నోరు మూసుకుని, చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు.

పీడ వదిలిందనుకున్నారు మాస్టారు. కానీ అతను రాకపోవడం వచ్చినప్పటికంటే ఎక్కువ బెంగ పెట్టింది. ఏం రాసుకున్నాడో, ఎవరికి చెప్పాడో!

ఆదివారం పొద్దున్న ఒక ఆడమనిషి వాకిట్లోకి వచ్చి నేల మీద చతికిలబడింది. కాళ్ళనిండా దుమ్ము. చాలా దూరం నడిచి వచ్చినట్టుంది.

"బాబూ, నాను దేవుడమ్మనండి. రావికమతానికి అవతల, కొండవార పల్లె మాది. మా మావ కొండన్నని కేంపులో ఎట్టీసినారు. ఇంగిలీసులో ఓ అర్జీ బేగి రాసి పెట్టండి బాబూ, మీకు దండవెడతాను."

"ఏం చేశాడు మీ ఆయన?"

"ఏటీ సెయ్యనేదు. దొర గుర్రమెక్కి మా ఊరొచ్చినాడు. పితూరోల్లకి బియ్యం ఎవులిచ్చినారని అడిగినాడు. బియ్యం మాట ఇనీసరికి మా మావ దడిసిపోనాడు. ‘ఆరొచ్చి అడిగితే ఇచ్చినాం బాబూ’ అనీసినాడు. దుబాసీ బాబు అది ఇంగిలీసులో సెప్పినాడు. ఎంతమందొచ్చినారని దొర అడిగినాడు. మావ ఒక్కలే అన్నాడు. అంతే! దొర మొకం ఎర్రగైపోనాది. అబద్దాలాడతన్నావని సేతులు కట్టించి అట్టుకుపోనాడు."

మాస్టారు ముందుకు వంగారు. "ఆరు అంటే... ఎవరు వచ్చింది?"

"మా కరనంగారు బాబూ! ఇంకెవులొస్తారు? కేంపులో సిపాయిలకే బియ్యం కావాలి, ఇంటికింత ఎయ్యండని ఆరే గదా వొచ్చి అడిగినారు. ఏసినాం. ఇప్పుడు సెప్పుదారంటే ఆరు ఊల్లో నేరు, కూతురింటికెల్లినారు. మా మాటేమో మలబారోల్లకి తెల్దు. విశాపట్నం జైలుకి తోలేస్తారంట బాబూ."

వారు వచ్చారు. దే కేమ్. ఎంతమంది? ఒక్కరే. దొర దృష్టిలో అది అబద్ధం. గుంపు వచ్చిందని ఒకసారి, ఒక్కడే వచ్చాడని ఇంకొకసారి.

"ఆ దుబాసీ ఎలా ఉంటాడు?" అని అడిగారు మాస్టారు. అడక్కుండానే తెలిసిపోయింది.

"మెడదాకా కోటు బాబూ. పాపం, మావని కట్టీసినప్పుడు ఆ బాబు మొకంలో నెత్తురు నేదు."

వర్ధనమ్మ దేవుడమ్మని పెరట్లోకి తీసుకువెళ్ళి గంజి పోసింది. తిరిగి వచ్చేసరికి మాస్టారు అరుగు మీద అటూ ఇటూ తిరుగుతున్నారు.

"దీన్ని కూడా వాళ్ళే పంపారేమో," అన్నారు. "అర్జీ రాస్తే నా చేతిరాత దొరుకుతుంది. పితూరీదారుల తరఫున రాశానంటారు."

"ఆ కాళ్ళ మీద దుమ్ము చూశారా?" అంది వర్ధనమ్మ. "అది ఎవరూ పూసి పంపింది కాదు. అనుమానం నాకూ ఉంది. నా తమ్ముడి కోసం నాకు లేదా భయం? కానీ మీరు చెప్పిన ‘దే’ వల్ల ఒక మనిషి జైలుకి పోతే మనకి అన్నం సహిస్తుందా?"

"నేను చెప్పకముందే అతను ‘దే’ అనేశాడు."

"తప్పేమో అడుగుదామనే మీ దగ్గరికి వచ్చాడు. మీరు రైటన్నారు."

మాస్టారు కండువా వేసుకుని బయల్దేరారు. సంతబజారు వెనక ఒక పెంకుటింటి గదిలో మత్స్యలింగం దొరికాడు. మాస్టారిని చూడగానే లేచి, మొదట వీధిలోకి తొంగిచూశాడు.

"మిమ్మల్ని ఎవరు పంపారు?" అన్నాడు.

ఆ ప్రశ్న వినగానే మాస్టారికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఇన్నాళ్ళూ తాను అతని గురించి అనుకున్నదే అతను తన గురించి అనుకుంటున్నాడు.

"దేవుడమ్మ అనే ఆవిడ వచ్చింది. కొండన్న భార్య. వచ్చింది కరణంగారట. అది మీకు తెలుసా?"

"అనుమానం వచ్చిందండి. ‘ఒక్కలే’ అన్నప్పుడే వచ్చింది. కానీ నా అంతట నేను అడగకూడదు. దొర అడిగిందే అడగాలి, చెప్పిందే చెప్పాలి. నాకు ముందున్న దుబాసీ ఒక మాట తిప్పి చెప్పాడన్నారు. ఆయనిప్పుడు జైల్లో ఉన్నాడు."

"నాకెందుకు చెప్పలేదు?"

"కేంపు మాట బయట చెప్తే నేనూ జైలుకే. అందుకే ‘పల్లెటూరి మనిషి ఒకడు’ అంటూ డొంకతిరుగుడుగా అడిగాను. ‘హీ’ అనవచ్చని మీరంటే, ఫలానా ఇంగ్లీషు మాస్టారు కూడా ఇలాగే అన్నారని దొరతో చెప్దామనుకున్నాను. మీరు ‘దే’ అంతే అన్నారు. అప్పుడు నాకు ధైర్యం చాలలేదు మాస్టారూ."

మాస్టారు గుమ్మం వైపు తిరిగారు. "ఎప్పుడు పంపిస్తున్నారు కొండన్నని?"

"రేపేనండి."

"అయితే ఇప్పుడే నడవండి. నేను దొరతో మాట్లాడాలని చెప్పండి. గ్రామరు విషయమని చెప్పండి."

గుడారంలో దొర మడతబల్ల ముందు కూర్చుని ఉన్నాడు. వయసు ఎక్కువ లేదు. మన్యం జ్వరం తగిలి తేరుకున్న ముఖం. పక్కన తెలుగు ఇనస్పెక్టరు నిలబడ్డాడు. మాస్టారు లోపలికి అడుగుపెట్టగానే ఇనస్పెక్టరు వంగి దొర చెవిలో ఏదో చెప్పాడు. ‘బ్రదరిన్లా’ అన్న ముక్క మాస్టారికి వినిపించనే వినిపించింది.

"స్కూలు మాస్టరుకి నా ఖైదీతో ఏం పని?" అన్నాడు దొర ఇంగ్లీషులో.

"ఖైదీతో కాదు సార్, అతని వాక్యంతో," అన్నారు మాస్టారు. ఇంగ్లీషు మాట నోట్లోంచి బయటికి వచ్చేసరికి ఆయనకి కొంచెం ధైర్యం వచ్చింది. అది ఆయన సొంత పొలం లాంటిది. "తెలుగులో పెద్దవారు ఒక్కరే వచ్చినా, పదిమంది వచ్చినా మాట ఒకటే. అతను చెప్పింది గుంపు గురించి కాదు."

"నా దుబాసీ అలా చెప్పలేదు."

"ఒక్క ప్రశ్న అడగడానికి సెలవిప్పించండి." దొర తలాడించాడు. మాస్టారు ఇనస్పెక్టరు వైపు తిరిగారు. "ఇనస్పెక్టరుగారూ, ఇవాళ పొద్దున్న దొరగారు ఏం చేశారో తెలుగులో చెప్పండి."

ఇనస్పెక్టరు అనుమానంగా చూశాడు. ఇందులో ఏ మెలిక ఉందో అతనికి తెలియలేదు. "దొరగారు గుర్రం మీద వెళ్ళి వచ్చారు," అన్నాడు.

"వచ్చారు. విన్నారా సార్? కొండన్న నోట వచ్చిన మాటే ఇది. ఆ లెక్కన ఇవాళ పొద్దున్న గుర్రం మీద వచ్చింది మీరొక్కరు కాదు, ఒక గుంపు. ఇనస్పెక్టరుగారిని అడగండి."

దొర ఇనస్పెక్టరు కేసి చూశాడు. ఇనస్పెక్టరు ఇటూ అటూ కదిలి, గొంతు సవరించుకుని, "అది నిజమే సార్," అన్నాడు.

దొర లేచి, కొండన్నని తీసుకురమ్మన్నాడు. సంకెళ్ళతో తెచ్చి నిలబెట్టారు. బక్క మనిషి. దొర కంటే ముందు మత్స్యలింగం ముఖంలోకి చూశాడు, దెబ్బ ఎటునుంచి వస్తుందో కనిపెట్టే పశువులాగా.

"బియ్యం అడగడానికి వచ్చింది ఎవరో అడుగు," అన్నాడు దొర.

ఇన్నాళ్ళూ ఆ ఒక్క ప్రశ్నా ఎవరూ అడగలేదు.

"ఎవరు వచ్చారు కొండన్నా?" అన్నాడు మత్స్యలింగం.

"మా కరనంగారు బాబూ."

"బియ్యం ఎవరికన్నారు?"

"తమరికేనండి! ఈ కేంపుకే!"

మత్స్యలింగం దాన్ని ఇంగ్లీషులో చెప్పాడు. ఈసారి ఒక్కొక్క మాటే, నిదానంగా. దొర బల్ల మీది టోపీ తీసి మళ్ళీ పెట్టాడు. కరణాన్ని పిలిపించమని ఇనస్పెక్టరుకి చెప్పాడు. ఆ తరవాత మత్స్యలింగం వైపు తిరిగి, "నీకు ఈ సందేహం ముందే ఉందా?" అని అడిగాడు.

"ఉంది సార్."

"ఉండి నోరు మూసుకున్నావు."

మత్స్యలింగం తల వంచుకున్నాడు.

"నువ్వు ఇంక ఇక్కడికి రానక్కర్లేదు," అన్నాడు దొర. మాస్టారితో మాత్రం, "మీరు ఇంటికి వెళ్ళవచ్చు," అన్నాడు. థాంక్సు అనలేదు. కూర్చోమని కూడా అనలేదు.

కరణం వచ్చి ఒప్పుకున్నాక కొండన్నని వదిలేశారు. దేవుడమ్మ అతన్ని వెంటబెట్టుకుని మాస్టారి వాకిట్లోకి వచ్చి, ఇద్దరూ నేలమీద సాగిలపడ్డారు. మణికట్ల మీద సంకెళ్ళు ఒరిసిన చోట పుళ్ళు చూసి మాస్టారు అక్కడ నిలబడలేక లోపలికి వెళ్ళిపోయారు.

కేంపుకి ఎందుకు వెళ్ళావని హెడ్మాస్టరు సంజాయిషీ అడిగాడు. ఎదురింటి అరుగు మీద ఒక కానిస్టేబు కొన్నాళ్ళు ఊరికే వచ్చి కూర్చునేవాడు. ఇరుగుపొరుగు మాస్టారితో మాట్లాడడం తగ్గించారు. అంతకుమించి ఏమీ జరగలేదు.

ఊరు విడిచి వెళ్ళే రోజున మత్స్యలింగం మళ్ళీ వచ్చాడు. మాస్టారు అతన్ని కూర్చోబెట్టి, మనసులో ముల్లులా ఉన్న మాట అడిగేశారు.

"దాచకుండా చెప్పండి. నా గురించి కేంపులో చెప్పారా?"

"చెప్పానండి," అన్నాడు మత్స్యలింగం. "నేను మీ దగ్గరికి రావడం ఇనస్పెక్టరుకి తెలిసింది. ఎలాగూ వెళ్తున్నావు గదా, ఆ మాస్టరు ఏం మాట్లాడతాడో చెప్పు అన్నాడు. కాదనలేకపోయాను."

"ఏం చెప్పారు?"

"కాకి పండు తింది అంటారని చెప్పానండి. ఉన్నదే చెప్పాను."

మాస్టారికి కోపం వచ్చింది. అంటే ఆ అనుమానం అంతా వట్టిది కాదన్నమాట. ఈ మనిషి తన చాప మీద కూర్చుని, తన దగ్గర నేర్చుకుంటూ, తన గురించే కబురు మోశాడు. పొమ్మందామని నోటిదాకా వచ్చింది.

"ఇంకొక మాట మాస్టారూ," అన్నాడు మత్స్యలింగం. "పాయకరావుపేటలో బియ్యం మిల్లుంది. గుమస్తా కావాలన్నారు. అక్కడ మీ బావమరిదిగారు ఉన్నారట. మీరొక మాట చెప్తే..."

మాస్టారు నిటారుగా కూర్చున్నారు. ఇదే అసలు పని కాదు గదా? ఉద్యోగం తీసేశారన్నది నాటకమై, నారాయణమూర్తి ఇల్లు చేరడానికే వీడు ఈ ఎత్తంతా ఎత్తలేదు గదా? అతని కళ్ళలోకి చూశారు. అలసట తప్ప ఏమీ కనిపించలేదు. కానీ అలసటని నమ్మడం ఎలా?

"అక్కడ నాకు..." అంటూ తెలియదనబోయారు.

లోపలినుంచి వర్ధనమ్మ మజ్జిగ గ్లాసుతో వచ్చి అతని ముందు పెట్టింది.

"మిల్లు వెనక వీధిలో మూడో ఇల్లు," అంది. "నారాయణమూర్తి అని అడగండి. అక్క పంపిందని చెప్పండి. ముందు భోజనం పెడతాడు, తరవాతే మాట్లాడతాడు."

మత్స్యలింగం గ్లాసు రెండు చేతులతో అందుకున్నాడు. తాగి, ఆవిడకి నమస్కారం పెట్టి, పాయకరావుపేట పక్కనున్న తుని వెళ్ళే బండి ఎక్కడానికి వెళ్ళిపోయాడు.

"ఎందుకు చెప్పావు?" అన్నారు మాస్టారు.

"దాచేవాడైతే ఇందాక మీరు అడిగినప్పుడు కూడా ‘చెప్పలేదు’ అనేవాడు," అంది వర్ధనమ్మ. అయినా ఆవిడ చెయ్యి కొంగు చివరని మెలిపెడుతూనే ఉంది.

నెల తిరిగేదాకా ఇద్దరికీ నిద్ర లేదు. వీధిలో సైకిలు బెల్లు మోగితే టెలిగ్రామేమోనని ఉలిక్కిపడేవారు. చివరికి ఏటికొప్పాక నుంచి వచ్చిన బంధువు ఒకాయన పాయకరావుపేట మీదుగా వస్తూ కబురు తెచ్చాడు. నారాయణమూర్తి కులాసాగా ఉన్నాడు. మీరు పంపిన గుమస్తా మిల్లులో కుదిరాడు. మనిషి నెమ్మదస్తుడు గానీ, ఎవరు ఏం చెప్పినా ఒకటికి రెండుసార్లు అడుగుతాడు, యజమాని విసుక్కుంటున్నాడు.

"అడగనీండి," అన్నారు రామనాథం మాస్టారు, బంధువుకి కాళ్ళు కడుక్కోవడానికి చెంబు అందిస్తూ.